కాలనీ పార్కు తీసుకునే ముందు ఆ బోరు నీళ్లు ఒకసారి నోట్లో పోసుకుని చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ కాలనీకి రెండెకరాల పార్కు ఉంది. మూడేళ్ల కింద రిబ్బన్ కత్తిరించారు. ఇప్పుడు ఎండిన లాను, తుమ్మ మొక్కలు, ఒక విరిగిన ఉయ్యాల మిగిలాయి. సంఘం చూసుకుంటానంటే అప్పగిస్తామని మున్సిపల్ వాళ్లు అంటున్నారు. డాలస్‌లో ఉండే మీ అన్నేమో, అక్కడ పార్కులు, ఆటలు, గోల్ఫ్ కోర్సులు అన్నీ నగరపాలికే నడుపుతుంది, గోల్ఫ్ మీద రాబడి కూడా వస్తుంది, మనకెందుకు చేతకాదు అంటున్నాడు. ఇంతకీ పార్కు తీసుకోవాలా, తీసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఊరి పేరు రాయలేదు గానీ ఉప్పుటేరు దగ్గరలోనే అన్నారు కాబట్టి మన కోస్తా వైపే అనుకుని రాస్తున్నాను.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మూడు పట్టణాల్లో కలిపి ఇరవై ఎనిమిదేళ్లు పార్కుల పని చూశాను. నా మాట, తీసుకోండి. కాకపోతే సంతకం పెట్టే ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. మన దగ్గర పార్కులు చచ్చిపోయేది చాలావరకు నీళ్ల దగ్గరే. ఎన్ని నీళ్లు కావాలో, అవి ఎట్లాంటి నీళ్లో, రోజూ వాల్వు తిప్పే మనిషి ఎవరో తెలియకుండానే ఎస్టిమేట్లు తయారైపోతాయి.

ముందు లెక్క చెప్తాను. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలబెట్టాలంటే నాలుగు వేల లీటర్లు కావాలి. మన ఎండలకు పచ్చని లాను బతకాలంటే ఏప్రిల్, మే నెలల్లో రోజుకు అయిదు మిల్లీమీటర్లు తక్కువలో తక్కువ. అంటే ఎకరం లానుకు రోజుకు ఇరవై వేల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. మీ పార్కు ప్లాన్ చూడకుండానే చెప్పగలను, అందులో కనీసం ఎకరం లాను వేసి ఉంటారు. ప్రారంభోత్సవం రోజు ఫొటోలో బాగా కనిపించేది అదే కదా. రోడ్డు మీద జనం బిందెలు పట్టుకుని నిలబడే నెలలో పార్కు గడ్డికి రోజూ నాలుగు ట్యాంకర్లు పంపే కమిషనర్ ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా.

ఆ లాను పావు ఎకరానికి తగ్గించండి. రోజుకు ఒక ట్యాంకరుతో సరిపోతుంది. మిగతా చోట చెట్లు పెట్టండి. చెట్టుకు మొదటి మూడు వేసవులు నీళ్లు పోస్తే, ఆ తర్వాత తన నీళ్లు తనే వెతుక్కుంటుంది. లాను జీవితాంతం అడుగుతూనే ఉంటుంది.

ఇక నీళ్ల రుచి సంగతి. ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. ఒక పట్టణంలో కొత్త పార్కుకు బోరు వేశారు. మోటరు పెట్టి మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ధార బాగానే వస్తోంది, అందరం సంతోషంగా ఉన్నాం. మా మాలీ, పెద్దాయన, దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని పక్కకు ఊసేశాడు. నా దగ్గరికొచ్చి, 'సారూ, ఈ నీళ్లు పెడితే పూల మొక్క ఒకటీ నిలవదు, కావాలంటే నువ్వే నోట్లో పోసుకుని చూడు ఎట్టుందో' అన్నాడు. నేను పోసుకోలేదు. గుత్తేదారు మనిషి, మెత్తబడుతుంది సార్, రెండు వానలు పడితే సర్దుకుంటుంది అన్నాడు. ఆ మాటే నమ్మాను, ఫైల్లో ఏమీ రాయలేదు.

జనవరిలో పార్కు తెరిచారు. కడియం నుంచి లారీల్లో తెచ్చిన పచ్చిక చాపలు పరిచారు, బాట పొడవునా నూరువరహాలు, మధ్యలో గులాబీలు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మార్చికల్లా గులాబీ ఆకుల అంచులు బెల్లం రంగులోకి మాడాయి. నూరువరహాల ఆకు పసుపు పచ్చగా తిరిగి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలాయి. పొద్దున పూట చూస్తే మట్టి మీద తెల్లగా ఉప్పు పొడి పేరుకుని ఉండేది. మాలీ దాన్ని వేలితో తీసి నాకు చూపించాడు గానీ నన్ను ఒక్క మాట అనలేదు. మే నెలాఖరుకు పార్కులో బతికినవి గట్టు మీద వేప మొక్కలు, దానంతటదే మొలిచిన గరిక. ఆయన అన్న మాట ఆ రోజు నేను కాగితం మీద పెట్టి ఉంటే ఆ పార్కు ఇంకో రకంగా ఉండేది. అప్పటి నుంచి బోరు వేసిన ప్రతిచోటా మొదటి రోజే నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపించాను, అంకె ఫైల్లో రాశాను.

మీకు ల్యాబ్ కూడా అక్కర్లేదు. నీళ్లలో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, పెన్నులా ఉంటుంది. మీటరులో అంకె వెయ్యి లోపు వస్తే చాలా మొక్కలు పెట్టుకోవచ్చు. రెండు వేలు దాటితే గులాబీ, నూరువరహాల జోలికి వెళ్లకండి. పొన్న, గంగరావి, కానుగ, వేప, గన్నేరు, కాగితం పూలు, ఇవే మన తీరానికి సరిపోయే మొక్కలు. గంగరావి సముద్రపు ఒడ్డున ఉప్పు గాలికి కూడా నిలబడుతుంది. పొన్న నెమ్మదిగా పెరుగుతుంది కానీ దాని నీడ కింద కూర్చుంటే లేవబుద్ధి కాదు. లానుకు మన గరికను మించింది లేదు. మీ అన్నతో చెప్పండి, వాళ్ల గోల్ఫ్ కోర్సుల్లో బెర్ముడా గ్రాస్ అంటారే, అది మన గరికే. మనం వినాయక చవితికి పీకి తెచ్చుకునే గడ్డి నుంచే సంకర రకాలు తీసి, రోజూ మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించి ఆ పచ్చటి తివాచీ చేస్తారు.

కోనోకార్పస్ మొక్క మాత్రం వద్దు. ఒకప్పుడు నేనే డివైడర్ల పొడవునా వేయించాను. పశువులు తినవు, నీళ్లు తక్కువైనా పచ్చగా ఉంటుంది, అంతకన్నా ఏం కావాలి అనుకున్నాం. తర్వాత వేర్లు వెళ్లి మంచినీళ్ల పైపుల్లో, డ్రైనేజీల్లో దూరాయి, పుప్పొడి పడక జనం ఫిర్యాదులు చేశారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నిషేధించింది. మీ పార్కులో ఉంటే ఒక్కసారే నరికేయకుండా, పక్కన కానుగ పెట్టి అది పెరిగే కొద్దీ తీసేయండి.

ఎప్పుడు నాటాలన్నది ఇంకో ముఖ్యమైన మాట. రాష్ట్రమంతా జూలై, ఆగస్టుల్లో మొక్కల పండగ చేస్తారు. అది నైరుతి వానల లెక్క. మన నెల్లూరు వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూలైలో నాటిన మొక్క ఆగస్టు ఎండల్లో మాడి, వాన వచ్చేసరికి పుల్లయి ఉంటుంది. గుంతలు ఆగస్టులో తీసి, ఎరువు కలిపి ఆరనిచ్చి, సెప్టెంబరు చివర్లో నాటండి. మూడు నెలల వాన ఉచితంగా దొరుకుతుంది. అయితే ఆ మూడు నెలలే తుపాన్ల కాలం కూడా, కాబట్టి ప్రతి మొక్కకూ గట్టి ఊతకర్ర ఉండాలి. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్న వరద చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. పెద్ద చెట్ల కొమ్మలు సెప్టెంబరులోనే తేలిక చేయించండి. ఎర్రగా పూసే తురాయి చూడ్డానికి ఎంత అందమో గాలికి అంత పెళుసు. ఉయ్యాలల మీదా బెంచీల మీదా అది రాకుండా చూసుకోండి.

చెట్ల మొదళ్ల చుట్టూ టైల్స్ బిగించేసి ఉంటే మీటరు మేర తీయించండి. ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఇదే ఆదేశం ఇచ్చింది. వేరుకు గాలి ఆడకపోతే చెట్టు బయటికి బాగానే కనిపిస్తుంది, ఒక తుపానుకు వేర్లతో సహా లేచిపోతుంది.

ఇప్పుడు గోల్ఫ్. మీ అన్న చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో 1895లోనే న్యూయార్క్ నగరం వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో జనమందరికీ గోల్ఫ్ కోర్సు తెరిచింది. ఇప్పుడు డాలస్ నగరానికి చెందిన సీడర్ క్రెస్ట్ కోర్సులో, అది ఇంకా ప్రైవేటు క్లబ్బుగా ఉన్న 1927లో, పీజీఏ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ జరిగింది. క్లబ్బు సభ్యత్వం లేని మామూలు మనిషి కూడా ఫీజు కట్టి ఆడుకోవడం మంచి సంగతే, నేను గౌరవిస్తాను.

కానీ మనకు కుదురుతుందా? పద్దెనిమిది హోల్స్ కోర్సుకు నూట ఇరవై, నూట యాభై ఎకరాలు కావాలి. అందులో ఎనభై ఎకరాలు తడపాలనుకోండి. ఇందాకటి లెక్కనే రోజుకు పదహారు లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని మన దేశంలో పట్టణ నీటి సరఫరా ప్రమాణం. అంటే దాదాపు పన్నెండు వేల మంది తాగి, స్నానం చేసి, వంట చేసుకునే నీళ్లు. ఒంగోలు లాంటి ఊరు వేసవంతా సాగర్ కాలువ నీళ్లతో నింపుకున్న సమ్మర్ స్టోరేజి ట్యాంకుల మీద బతుకుతుంది. ఆ ఊళ్లో ఈ ఆలోచన నోటితో కూడా అనలేను. ఆ భూమే దొరికితే పది ఆటస్థలాలు, ఒక చిట్టడవి వస్తాయి, కబడ్డీ కోర్టుకు చుక్క నీళ్లు చాలు.

అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం రెండున్నాయి. ఒకటి, ఎండ ఊళ్లలో చాలాచోట్ల గోల్ఫ్ గడ్డికి వాళ్లు తాగునీళ్లు పెట్టరు. శుద్ధి చేసిన మురుగునీరు ఊదారంగు పైపుల్లో వస్తుంది, ఆ రంగు చూస్తే తాగకూడదని అందరికీ తెలుస్తుంది. మీ పక్కన శుద్ధి ప్లాంటు ఉన్న అపార్టుమెంటు ఉంటే వెళ్లి మాట్లాడండి, వాళ్లు ఆ నీళ్లు కాలవలోకి వదిలేస్తుంటారు. స్ప్రింక్లర్లతో చల్లకుండా డ్రిప్పు పైపుల్లో చెట్లకు మాత్రమే ఇవ్వండి, పిల్లలు ఆడే చోటికి రానివ్వకండి.

రెండోది ఖాతా. అక్కడ చాలా ఊళ్లలో గోల్ఫ్‌కు విడి ఖాతా ఉంటుంది. ఆడేవాళ్ల ఫీజు ఆ ఖాతాలో పడుతుంది, గడ్డి కోసే మిషన్లు, నీళ్లు, జీతాలు అందులోంచే పోతాయి. లోటొచ్చిన ఏడాది లోటు ఎంతో ఊరందరికీ కనిపిస్తుంది. మామూలు పార్కు మాత్రం పన్నుల డబ్బుతోనే నడుస్తుంది, దాన్ని ఎవరూ లాభం అడగరు. మన దగ్గర రాబడి వచ్చే బ్యాడ్మింటన్ కోర్టు, రాబడి రాని పిల్లల పార్కు, రెండూ ఒకే మూటలో ఉంటాయి. వచ్చిన రూపాయి జనరల్ ఫండ్‌లోకి పోతుంది. ఉయ్యాల గొలుసు తెగితే రెండు వందల రూపాయల కొక్కెం కొనడానికి ఫైలు నడవాలి.

ఇంకో మాట కూడా మీకు తెలియాలి. పార్కు కట్టడానికి డబ్బు దొరుకుతుంది. పట్టణాల వసతుల కోసం కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో రెండున్నర శాతం దాకా పార్కులకు కేటాయించుకునే వీలుండేది. అట్లాంటి నిధులతో చాలా ఊళ్లలో పార్కులు వచ్చాయి. కట్టిన తర్వాత మాలీ జీతం, మోటరు కరెంటు బిల్లు మాత్రం ఊరి సొంత ఆదాయంలోంచి రావాలి. అక్కడే తెగిపోతుంది. కాబట్టి అప్పగింత పత్రంలో కరెంటు బిల్లు ఎవరిదో, మోటరు కాలితే రీవైండింగ్ ఎవరు చేయిస్తారో, మాలీ జీతం ఎవరిస్తారో మూడు వాక్యాలు రాయించండి. కరెంటు, మాలీ మున్సిపాలిటీవి, మిగతావి సంఘానివి అయితే మీరు నెగ్గుకొస్తారు. అన్నీ మీ నెత్తిన పెడితే రెండో ఏడాది చందాలు వసూలు కావు. మొదట్లో అందరూ ఇస్తారు, తర్వాత పార్కుకు రానివాళ్లు మేమెందుకివ్వాలి అంటారు. ఇది నేను ప్రతిచోటా చూశాను.

రాబడి గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. గేటు దగ్గర టికెట్ పెట్టకండి. ముగ్గురు పిల్లల్ని తీసుకొచ్చే తల్లి అయిదు రూపాయల దగ్గర కూడా ఆగిపోతుంది. కోర్టుకు గంటకింత తీసుకోండి. గేటు బయట పొద్దున రాగిజావ, జొన్న రొట్టెలు అమ్మే బండికి చోటిచ్చి అద్దె తీసుకోండి. నేను ఒకచోట చేసిన ఏర్పాటు చెప్తాను. టీ బండి ఆయన అద్దె తగ్గించమని వచ్చాడు. సగం చేస్తాను, టాయిలెట్ తాళం నీ దగ్గర పెట్టుకో, పొద్దునా సాయంత్రం కడిగించు అన్నాను. అంతకు ముందు ఆ టాయిలెట్ ఏడాదిలో పది నెలలు తాళం వేసే ఉండేది. ఆ తర్వాత శుభ్రంగా ఉంది, ఎందుకంటే అది కంపు కొడితే ఆయన టీ ఎవరూ తాగరు. అది తెరిచిన నెల నుంచే పార్కులో ఆడవాళ్లు, షుగరున్న పెద్దవాళ్లు ఎక్కువసేపు కూర్చోవడం చూశాను.

పార్కు బాగుందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే కొలత ఒక్కటే, సాయంత్రం ఏడింటికి లోపల ఎంతమంది ఆడవాళ్లున్నారో లెక్కపెడతాను. లైట్లు వెలగకపోతే, పొదలు నడుమెత్తు పెరిగితే ఆ లెక్క సున్నాకు వస్తుంది. పొదల్ని మోకాలి ఎత్తు దాటనివ్వకండి, చెట్ల కొమ్మలు తలపైకి ఎత్తించండి. గేటు దగ్గర నిలబడితే చివరి బెంచీ కనిపించాలి. పొద్దున అయిదుకు తెరవండి. మన నడకవాళ్లు ఆరుకల్లా ముగించి పాల ప్యాకెట్ పట్టుకుని ఇంటికి పోయే రకం. వేసవిలో పది నుంచి నాలుగు దాకా మూసేసినా అడిగేవాళ్లు ఉండరు, మాలీకి కూడా ఆ వేళ విశ్రాంతి కావాలి.

పిల్లల ఆట సామాన్లలో ఇనుప జారుడుబల్ల వద్దు, మే నెలలో తొడలు కాలతాయి. ఉన్నదాన్ని మార్చలేకపోతే చెట్టు నీడలోకి జరిపించండి. ఉయ్యాల కింద సిమెంటు, టైల్స్ ఉండకూడదు, అడుగు లోతు ఇసుక పోయించండి. వారం వారం ఇసుకను పారతో తిరగేస్తే గాజు పెంకులు, కుక్కల మలం బయటపడతాయి. నెలకోసారి మీరే వెళ్లి ఉయ్యాల పై కొక్కేన్ని చేత్తో పట్టుకుని చూడండి. గొలుసు రాసుకుని రాసుకుని ఆ ఇనుము లోపలి వైపు సన్నబడుతుంది, కింద నుంచి చూస్తే తెలియదు. సగం అరిగిందంటే ఆ రోజే ఉయ్యాల విప్పి పక్కన పెట్టేయండి, కొత్త కొక్కెం వచ్చేదాకా పిల్లలు ఏడ్చినా సరే.

కాగితాల సంగతి కొంచెం. లేఅవుట్‌లో పది శాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు ఉచితంగా రిజిస్టరు చేయాలన్నది మన రాష్ట్రం నిబంధన. ఆ గిఫ్ట్ డీడ్ మీ పార్కుకు ఉందో లేదో, లేఅవుట్ ప్లాన్‌లో చూపిన కొలతలు నేల మీద ఉన్నాయో లేదో టేపు పట్టి కొలవండి. ఒక మూల గుడి, ఇంకో మూల ఎవరిదో షెడ్డు వచ్చి ఉండొచ్చు, ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. పార్కు స్థలాన్ని ఇంకో అవసరానికి ఇచ్చేస్తామని ఎవరైనా అంటే, బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదన్న సంగతి గుర్తుచేయండి. ఆసుపత్రి మంచిదే అయినా పార్కు స్థలం పార్కుకే అని తేల్చింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. బోరు మోటరు పావుగంట వదిలేసి, ఆ తర్వాత వచ్చే నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టండి. డిసెంబరులో పట్టిన సీసాలో వాన నీళ్లు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది, ఆ మోసానికి లోబడొద్దు. మే నెలలో పట్టిందే అసలు లెక్క. ఇప్పుడొకసారి, మేలో ఒకసారి చూసి రెండు అంకెలూ, బోరు లోతూ, పార్కులో ఇప్పుడు దానంతటదే బతికి ఉన్న మొక్కల పేర్లూ నాకు రాయండి. ఏ మూల ఏ చెట్టు పెట్టాలో, ఎన్ని గుంతలు తీయించాలో అప్పుడు కూర్చుని రాసిస్తాను. గుంతలు ఆగస్టుకల్లా సిద్ధంగా ఉండాలి.